షార్త్ర్ కేథడ్రల్‌ను బయటినుంచి చూడడం మొదలుపెడదాం

సభాధ్యక్షులకు, పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

యూరప్ యాత్రకు వెళ్లే మనవాళ్లలో చాలామంది కేథడ్రల్ అనగానే నేరుగా లోపలికి వెళ్లి, తల పైకెత్తి చూసి, నాలుగు ఫొటోలు తీసుకుని, పావుగంటలో బయటపడతారు. పారిస్‌లోని మోంపర్నాస్ స్టేషన్‌లో రైలెక్కితే ఇంచుమించు గంటలో చేరుకోగల షార్త్ర్ కేథడ్రల్‌ను ఆధారంగా చేసుకుని ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: గోథిక్ కట్టడాన్ని, అంటే మధ్యయుగపు యూరప్‌లో మొనదేలిన కమానులతో, పెద్ద కిటికీలతో కట్టిన కట్టడాన్ని, ముందు బయట చుట్టూ తిరిగి చూడాలి, ఆ తరువాతే లోపలికి అడుగుపెట్టాలి. ఎందుకంటే లోపలి వెలుగుకు కారణం బయటే ఉంది.

1194లో జరిగిన అగ్నిప్రమాదంలో ఇక్కడి పాత చర్చి చాలావరకు కాలిపోయింది. పడమటి ముఖద్వారాలు, వాటి పైనున్న మూడు కిటికీలు, మేరీమాత ధరించినదని భక్తులు నమ్మే వస్త్రం వంటివి దక్కాయి. వెంటనే పునర్నిర్మాణం మొదలై, పాతికేళ్లు కాస్త అటూఇటుగా ప్రధాన భాగం పూర్తయింది. 1260లో రాజు తొమ్మిదో లూయీ సమక్షంలో ప్రతిష్ఠ జరిగింది. రెండు శిఖరాలు ఒకదానికొకటి పొసగవు: దక్షిణపుది 105 మీటర్ల ఎత్తున, 12వ శతాబ్దపు నిరాడంబరతతో ఉంటే, ఉత్తరపుది 16వ శతాబ్దంలో అల్లికపనిలా చెక్కించుకుని 113 మీటర్లకు పెరిగింది. నాకు దక్షిణపుదే నచ్చుతుంది.

ఇప్పుడు పక్కకు తిరిగి గోడల దగ్గరకు రండి. లోపలి రాతి కప్పు దాదాపు 37 మీటర్ల ఎత్తున ఉంది. అంత బరువు కిందికి దిగడమే కాదు, గోడలను బయటికి నెడుతుంది కూడా. పాతకాలపు మేస్త్రీలు ఆ నెట్టుడును మందమైన గోడలతో ఆపేవారు కనుక కిటికీలు చిన్నవిగానే ఉండేవి. ఇక్కడ మొనదేలిన కమానులు, రాతి పట్టీలు బరువును స్తంభాల మీదికి చేరుస్తాయి. పైనుంచి వచ్చే నెట్టుడును బయట గాలిలోకి చాచిన ఊతకమానులు అందుకుని, దూరంగా నిలబెట్టిన బలమైన దిమ్మెలకు అప్పగిస్తాయి. షార్త్ర్‌లో ఈ ఊతకమానుల మధ్య బండిచక్రపు ఆకుల్లాంటి పొట్టి స్తంభాలున్నాయి. స్తంభాల నడుమ గోడకు మోసే పని తగ్గిపోవడంతో అక్కడ గాజుకు చోటు దొరికింది.

ఆ గాజు కోసమే ఇప్పుడు లోపలికి వెళ్దాం. మొత్తం 176 రంగుగాజు కిటికీల్లో చాలావరకు 13వ శతాబ్దానివే. అగ్నిప్రమాదాన్ని తట్టుకున్న పడమటి మూడింటి నీలిరంగు వాటికంటే పాతది. చిన్న దుర్భిణి తీసుకెళ్లండి, కళ్లను మాత్రం కింది గడుల మీద పెట్టండి, ఈ కిటికీలను సాధారణంగా కిందినుంచి పైకి చదవాలి. బైబిల్లో జలప్రళయానికి ముందు ఓడ కట్టిన నోవా కథ చెప్పే కిటికీ అడుగున వడ్రంగులు, బండిచక్రాలు చేసేవారు పనిలో ఉన్నారు. ఓడ కథకు అంతకన్నా తగినవారెవరు? మరో కిటికీ అడుగున చెప్పులు కుట్టేవారు కనిపిస్తారు. ఈ వృత్తులవారే డబ్బిచ్చి కిటికీలు చేయించారని చాలాకాలం అనుకున్నారు. కొందరు చరిత్రకారులు దాన్ని ఒప్పుకోరు. ఎవరి సొమ్మైనా, పనిముట్లు పట్టుకున్న చేతులు పవిత్ర కథల సరసన చోటు సంపాదించుకోవడం నాకు గొప్పగా తోస్తుంది.

2009 తరువాత లోపలి గోడల మసిని తొలగించి, దాని కింద దొరికిన 13వ శతాబ్దపు లేత పసుపు పూతను ఆధారం చేసుకుని గోడలకు పాత రంగు తెచ్చారు. చీకటి గోడల నడుమైతేనే గాజు ప్రకాశిస్తుందని విమర్శకులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. కట్టినవారు చూసింది మసిని కాదు కనుక నేను గోడల విషయంలో పునరుద్ధరించినవారి పక్షమే. అయితే తరతరాల యాత్రికులు నల్లని తల్లిగా కొలిచిన మేరీమాత కొయ్యవిగ్రహానికి కూడా తెల్లని ముఖం తెచ్చిపెట్టారు. ఆ ఒక్క పని చేయకుండా ఉండాల్సిందని నా అభిప్రాయం.