దడ వచ్చినప్పుడే ఈసీజీ తీయించండి

యాంకర్: విశాఖ స్టూడియోలో ఇవాళ గుండె లయ గురించి మాట్లాడుకుందాం. కార్డియాలజిస్ట్ గారు, మందులు వాడుతున్న ఎంవీపీ కాలనీ మాస్టారు మనతో ఉన్నారు. మాస్టారూ, గుండె లయ తప్పుతోందని మీకెలా తెలిసింది?

మాస్టారు: ఎక్కడ తెలిసిందండీ! ఆర్కే బీచ్‌లో నడుస్తుంటే ఉన్నట్టుండి దడ పుట్టేది, కాసేపు కూర్చుంటే తగ్గేది, అందరూ గ్యాస్ అనేవాళ్లు. ఈసీజీ తీస్తేనేమో నార్మల్.

డాక్టర్: చిక్కంతా అక్కడే. మామూలు ఈసీజీ పది సెకన్ల సంగతే చెబుతుంది, దడ తగ్గాక తీస్తే నార్మలే వస్తుంది. అందుకే దడ ఉండగానే దగ్గర్లో ఏ క్లినిక్ ఉంటే అక్కడ తీయించుకోండి, ఆ కాగితం మాత్రం పారేయకండి. వచ్చి పోతుంటే 24 గంటల హోల్టర్ పెడతాం, అంటే ఒంటికి తగిలించుకుంటే రోజంతా ఈసీజీ రాసే చిన్న యంత్రం.

యాంకర్: ఇంట్లో నాడి చూసుకోవచ్చా?

డాక్టర్: తప్పకుండా. మణికట్టు మీద బొటనవేలి వైపు రెండు వేళ్లు పెట్టి నిమిషమంతా లెక్కపెట్టండి, 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే వరస తప్పడం దొరకదు. కూర్చున్నప్పుడు 60 నుంచి 100 మామూలు. ఎప్పుడో ఒక దెబ్బ తప్పితే చాలామందికి ప్రమాదం ఉండదు. కానీ అసలు క్రమమే లేకపోతే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనుమానించాలి. అందులో గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతాయి, రక్తం నిలిచి గడ్డకడుతుంది, ఆ గడ్డ మెదడుకు వెళ్తే పక్షవాతమే. ఈ జబ్బు లేనివాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు సుమారు 5 రెట్లు.

యాంకర్: ఒకమ్మాయి మెసేజ్ పెట్టింది, స్విచ్ వేసినట్టు దడ మొదలై అలాగే ఆగిపోతోందట. టెన్షనేనా?

డాక్టర్: ఆడపిల్ల దడ అంటే చాలు, టెన్షన్ అని పంపేస్తారు, నాకు ఒళ్లు మండుతుంది. ఇది ఎస్వీటీ కావచ్చు, అంటే గుండె పై భాగం నుంచి పుట్టి ఉన్నట్టుండి గుండెను పరుగెత్తించే లయ దోషం. 15 సెకన్లు గట్టిగా ముక్కి, వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి ఎవరైనా కాళ్లు పైకెత్తితే, 2015లో వచ్చిన బ్రిటన్ ట్రయల్‌లో 43 శాతం మందికి లయ కుదుటపడింది. డాక్టర్ దగ్గర నేర్చుకున్నాకే చేయండి. స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నా ఇవేవీ వద్దు, 108కి ఫోన్ చేయండి, సొంతంగా బండి నడుపుకుంటూ రావద్దు.

మాస్టారు: నేను వాడేది వార్ఫరిన్ అండీ, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు. గోంగూర మానేయాలా?

డాక్టర్: అక్కర్లేదు మాస్టారూ. ఆకుకూరలు ఏ వారమైనా ఒకే మోతాదులో తినండి, ఒక వారం రోజూ తిని మరో వారం మానేస్తేనే ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చెప్పే పరీక్ష అంకె, అటూఇటూ అవుతుంది. మోకాళ్ల నొప్పులకని మెడికల్ షాపులో అడిగి మాత్రలు వేసుకోవడం మాత్రం మానేయండి.