సలహాల డబ్బా, తాండూర్ బండ

బామ్మర్ది: నమస్తే, నమస్తే, మన ప్రోగ్రాంకు మళ్ల వచ్చినం. బావా, ఈసారి నీళ్ల ట్యాంకు మోటారు బంద్ చేసే కూసున్నవా?

బావ: ఆ ముచ్చట ఇడిసిపెట్టురా. విషయం చెప్పు.

బామ్మర్ది: విషయమేందంటే, మన పార్కుల వెనక మూలకు పిల్లలకు స్కేటింగ్ జాగ కడ్తరంట. గేటు కాడ డబ్బా పెట్టిండ్రు. ఎట్లుండాల్నో రాసి అండ్ల వేయాలె, ఆదివారం దాంక టైముంది. మనకు కూడా కొన్ని చీటీలు వచ్చినయ్. ఇయ్యాల అవే చదువుదాం. మొదటిది...

బావ: ఒక్కటి చెప్పు. ఆ మూలల వానొస్తే నీళ్లు ఎటు పోతయ్?

బామ్మర్ది: షురూ అయింది.

బావ: నవ్వకు. పార్కు మొత్తంల అదే పల్లం. నిరుడు శ్రావణంల అక్కడ కప్పలు అరిసినయ్.

బామ్మర్ది: రాసుకున్న. 'నీళ్లు ఎటు పోతయ్.' సరేనా? మొదటి చీటీ, తొమ్మిదేండ్ల పాపది. 'రింకు గుండ్రంగ ఉండాలె, మూలలుంటే మా తమ్ముడు గుద్దుకుంటడు.' రెండోది ఎవరో పెద్దాయన. 'వాకింగ్ బాట మీదికి చక్రాలు రావద్దు.' మూడోది రెండే మాటలు. 'ఫీజు ఉంటదా?'

బావ: కింద ఏం వేస్తరంట?

బామ్మర్ది: సిమెంటు. ఇగ నాలుగోది...

బావ: సిమెంటా! తాండూర్ గింత దగ్గర పెట్టుకొని సిమెంటు ఏందిరా? నీలం బండ తెచ్చి పాలిష్ పట్టిస్తే అద్దం లెక్క ఉంటది.

బామ్మర్ది: అద్దమే బావా, నాలుగు చినుకులు పడంగనే పిల్లగాడు ఎల్లెలుకల పడతడు. ఆ అతుకులో? బండకూ బండకూ నడుమ సందు ఉంటది గదా. చక్రం పోయిన కొద్దీ టక్ టక్ టక్.

బావ: అతుకు కండ్లకు కనబడ్డదంటే వేసినోనికి పని రాదన్నట్టు. మా బాపు వేసిన హాలుల కండ్లు మూసుకొని చేత్తో తడిమి, ఎక్కడ అతుకుందో చెప్పు చూద్దాం.

బామ్మర్ది: హాలు నీడకుంటది! ఇది ఎండల, వానల. నాలుగేండ్లకు ఒక బండ లేస్తది, ఒకటి కుంగుతది. అప్పుడు?

బావ: కింద మట్టి మంచిగ దిమ్మిస కొడితే ఎందుకు కుంగుతది? నీ సిమెంటు పగలదా?

బామ్మర్ది: పగులుతది. అందుకే పోసిన తెల్లారే మిషనుతోని సన్నగ గాట్లు కోస్తరు, పగిలినా ఆ గీత కిందనే పగులుతది. కట్టలు కట్టి వారమన్నా నీళ్లు నిలబెట్టాలె. పూర్తి బలం రావాలంటే 28 రోజులు. అంతల ఎవరో వచ్చి రిబ్బన్ కట్ చేస్తరు, అది వేరే కథ.

బావ: రిబ్బన్ సంగతి మనకెందుకురా.

బామ్మర్ది: (నవ్వు) సరే. అసలు అడగాల్సింది ఏ స్కేటింగ్ అని. ఒక్కటే మాట అంటరు గని లోపల నాలుగు ఆటలున్నయ్. గిరగిర తిరిగి ఎగిరేటోళ్లకు సాపు నేల కావాలె. మన హైదరాబాదోడు అనూప్ కుమార్ యామ ఆడేది అదే. 2010ల గ్వాంగ్‌జౌ ఏషియాడ్‌ల రెండు కంచు పతకాలు తెచ్చిండు, 2015ల అర్జున అవార్డు. స్పీడోళ్లకు 200 మీటర్ల ట్రాకు కావాలె. రోలర్ హాకీకి 40 మీటర్ల పొడుగు, 20 వెడల్పు. స్కేట్‌బోర్డోళ్లకు గుంతలు, ఒంపులు. వాళ్ల చక్రం బుడ్డగ, గట్టిగ ఉంటది, చిన్న కంకర పలుకు తగిలినా మనిషి ముందుకు, బోర్డు ఎనకకు. మన మూలకు ఇవన్నీ పడతయా?

బావ: వాలు ఎంత పెడ్తరు?

బామ్మర్ది: బావా!

బావ: వంద అడుగులకు ఒక్క అడుగన్నా పెట్టాలె. లేకుంటే దోమలే స్కేటింగ్ చేస్తయ్.

బామ్మర్ది: గిరగిర తిరిగే పిల్ల ఆ వాలుకు తనంతట తనే కిందికి జారుతది గదా.

బావ: అయితే నడుమ ఎత్తు చేసి రెండు దిక్కులకూ వాలియ్యి.

బామ్మర్ది: గాడిద ఈపు లెక్కనా!

అక్క: గంట సేపటి నుంచి రాళ్లు, సిమెంటు. మన బుజ్జి స్కేటింగ్ ఎందుకు బంద్ చేసిందో ఎర్కనా మీకు?

బావ: బోర్ కొట్టిందన్నది.

అక్క: మీతోని అట్లనే అంటది. అది పోయే రింకుల పెద్ద పోరగాండ్లు రయ్ రయ్ మని తిరుగుతుంటే నెల రోజులు అంచు కమ్మి పట్టుకొని నిలబడ్డది. నేర్చుకునేటోళ్లకు వేరే జాగ లేదు. సాయంత్రం వేళంత కోచింగోళ్లదే, ఫీజు కట్టినోళ్లదే. ఏడు దాటితే లైటు లేదు. ఇగ మన పార్కు మూలకు మేం కూసుందామంటే ఆ నేరేడు చెట్టు కింద తప్ప నీడ లేదు. ఇప్పుడు దాన్ని కూడా కొడ్తమంటున్నరంట, పండ్లు రాలుతయని.

(కొంచెం సేపు నిశ్శబ్దం)

బావ: నాకు చెప్పలేదు గదా.

అక్క: అడిగిండ్రా?

బామ్మర్ది: అక్కా, మధ్యప్రదేశ్‌ల పన్నా దిక్కు జన్వార్ అని ఊరుంది. 2015ల అక్కడ స్కేట్‌పార్కు కట్టిండ్రు. రెండే రూల్స్. బడికి పోకుంటే స్కేటింగ్ లేదు. ఆడపిల్లలు ముందు.

అక్క: అది రాయి చీటీల. ఆడపిల్లలకు వేరే టైమని కాదు, ముందు అని రాయి. చెట్టు గురించి నేనే రాస్తా. నువ్వు రాస్తే మెత్తగ రాస్తవ్.

బావ: బాపు ఉంటే ఒక్క గోలీతోని తేల్చేటోడు.

బామ్మర్ది: ఏం గోలీ?

బావ: బండలు పరిచినంక జేబుల నుంచి గోలీ తీసి నేల మీద ఇడిసిపెట్టేటోడు. అది ఎటు పోతే నీళ్లు అటు పోతయ్. నడుమల ఆగిందనుకో, ఆ బండ తీసి మళ్ల వేయాల్సిందే. మేస్త్రీలు తిట్టుకునేటోళ్లు. ఆయన మోకాళ్ల మీద కూసొని, చెంప నేలకు ఆనించి చూస్తుండె.

బామ్మర్ది: ఇదెప్పుడూ చెప్పలే నువ్వు.

బావ: ఎవరడిగిండ్రు? నీళ్లు ఎటు పోతయంటే నవ్వుతరు. సిమెంటే వేయమను, నాకేం? పోసే నాడు నేను పోయి గోలీ...

అక్క: ఏమండి, పైన ఏందా సప్పుడు?

బామ్మర్ది: వానా?

అక్క: మన ఇంటి మీదనే పడ్తదా వాన? మెట్ల మీదికెల్లి కారుతున్నయ్ నీళ్లు!

బావ: ఓర్నీ, మోటారు...