లారీలకే విడిగా టోల్ రోడ్డు వేస్తే గిట్టుతుందా? తాడిపత్రి సిమెంటు లోడుతో లెక్క

నమస్కారం. ఎన్‌హెచ్ 44 మీద కర్నూలు నుంచి అనంతపురం వైపు వచ్చేవాళ్లకు రోజూ కనిపించేదే ఇది. కుడి లేన్‌లో లారీ పోతుంటుంది, కారు దాని ఎడమ పక్కనుంచి దూరిపోతుంది. లారీ డ్రైవరు మొండితనంతో కుడి లేన్ పట్టుకుని కూర్చున్నాడని చాలామంది తిట్టుకుంటారు. ఎడమ లేన్‌లో ఏముందో చూడండి. రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకు, లైటు లేకుండా ఆగిన ట్రాక్టరు, గొర్రెల మంద, వాటికి తోడు బరువుకు గాడి పడిన తారు. 47 టన్నుల బండిని అందులో మాటిమాటికి ఆపి లేపలేక ఆ డ్రైవరు కుడికి జరుగుతాడు.

దీనికి మందుగా ఒక మాట ఎప్పటినుంచో వినపడుతోంది. లారీలకు విడిగా రోడ్డు వేయండి, ఆ రోడ్డు ఖర్చు లారీల టోలుతోనే రాబట్టుకోండి అని. ఆ టోలు కట్టి లారీ ఓనరు బతకగలడా అన్నది తాడిపత్రి నుంచి బెంగళూరుకు పోయే సిమెంటు లోడు పెట్టుకుని తేల్చుకుందాం.

బండి పదహారు టైర్లది, ఐదు యాక్సిళ్లు (చక్రాలు తిరిగే ఇరుసులు). మొత్తం బరువు 47.5 టన్నులు, అందులో సరుకు సుమారు 35 టన్నులు. తాడిపత్రి నుంచి అనంతపురం, అక్కడి నుంచి ఎన్‌హెచ్ 44 మీదుగా బెంగళూరు, మొత్తం 270 కిలోమీటర్ల చిల్లర. లోడుతో లీటరుకు 3 కిలోమీటర్లు, ఖాళీగా 5 వస్తుందనుకుందాం. పోను 90 లీటర్లు, రాను 54, మొత్తం 144 లీటర్లు. లీటరు 97 రూపాయల లెక్కన దగ్గర దగ్గర 14,000. తిరుగు లోడు దొరకదనే లెక్కేస్తున్నాను, ఎందుకంటే సిమెంటు బండికి బెంగళూరులో వెంటనే లోడు దొరికే రోజులు తక్కువ.

ఇక టోలు. జాతీయ రహదారుల టోలు 2008 రూల్స్ ప్రకారం నడుస్తుంది. 2007-08 మూల ధర చూస్తే కారుకు కిలోమీటరుకు 65 పైసలు, రెండు యాక్సిళ్ల లారీకి 2 రూపాయల 20 పైసలు, మూడు యాక్సిళ్ల బండికి 2.40, నాలుగు నుంచి ఆరు యాక్సిళ్ల బండికి 3.45. దీని మీద ఏటా 3 శాతం, దాంతోపాటు టోకు ధరల పెరుగుదలలో 40 శాతం కలుస్తూ వచ్చింది. ఇప్పుడు మూల ధరకు రెట్టింపు దాటింది. వంతెనలు, బైపాస్‌లు ఉన్న చోట ఇంకొంచెం ఎక్కువ. మన పదహారు టైర్ల బండికి కిలోమీటరుకు 8 రూపాయలు వేసుకోండి. మరూరు, బాగేపల్లి, దేవనహళ్లి గేట్ల మీదుగా 210 కిలోమీటర్లకు 1,680.

రూల్స్‌లో 24 గంటల లోపు తిరిగొస్తే రానూపోనూ కలిపి ఒకటిన్నర రెట్లే కట్టాలి, అంటే 2,520. బెంగళూరులో పగలు పెద్ద బండ్లకు నో ఎంట్రీ. తెల్లారిన తర్వాత చేరిన బండి రాత్రి దాకా ఊరి బయట కాచుకోవాలి, ఆ తర్వాత గోడౌన్‌లో హమాలీలు దొరకాలి. బాగేపల్లి గేటు దాటిన టైమ్‌కు 24 గంటలు కలిపితే బండి ఇంకా దించుతూనే ఉంటుంది. అప్పుడు పూర్తి రెండు టోల్లు, 3,360. తేడా 840 రూపాయలు. కర్ణాటకలో డీజిల్ లీటరుకు ఆరు రూపాయలు తక్కువ ఉన్నప్పుడు బాగేపల్లి దాటాక ట్యాంకు నింపుకుంటే 144 లీటర్ల మీద మిగిలేది 864. ఎంతో తెలివిగా మిగుల్చుకున్న డబ్బు గోడౌన్ వాకిట్లో ఆగినందుకు అట్లే పోతుంది. అందుకే అన్‌లోడింగ్ టైమ్ ముందే ఫోన్‌లో ఖాయం చేసుకుని, దాన్ని బట్టి తాడిపత్రిలో బండి కదిలించాలి. లోడు అయింది కదా అని పరిగెత్తించకూడదు.

నెలవారీ పాస్ గురించి కూడా ఇక్కడే చెప్తాను. ఒక గేటుకు నెలలో 50 సార్లు దాటే పాస్, 50 టోల్ల ధరలో మూడింట రెండు వంతులకు ఇస్తారు. అంటే 33 టోల్ల ధర. 24 గంటల రాయితీ దొరకని బండికి 34 సార్లు దాటితే గిట్టుతుంది. రాయితీ ఎప్పుడూ దొరికే బండికి 45 సార్లు దాటాలి. బెంగళూరు లైన్ బండి నెలకు ఇరవై సార్లే దాటుతుంది, దానికి పాస్ దండగ. బేతంచెర్ల బండలు దగ్గరి ఊర్లకు తోలే బండి రోజూ ఒకే గేటు దాటుతుంటే తీసుకోవాలి. గేటు ఉన్న జిల్లాలోనే రిజిస్టరైన కమర్షియల్ బండికి సగం టోలు అనే రూలు కూడా ఉంది, కాకపోతే నేషనల్ పర్మిట్ మీద తిరిగే బండికి అది వర్తించదు. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 సిరీస్ వచ్చింది కాబట్టి నెంబరు చూపిస్తే చాలదు, ఆర్‌సీలో అడ్రసు చూపించాలి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. అమెరికాలో రీజన్ ఫౌండేషన్ అనే అధ్యయన సంస్థ తరఫున రాబర్ట్ పూల్ బృందం 2002లో లారీల టోల్ రోడ్ల గురించి ఒక పెద్ద రిపోర్టు రాసింది. వాళ్ల వాదనకు ప్రాణం ఒక్కటే. అమెరికా ఇంటర్‌స్టేట్ రోడ్ల మీద బండి మొత్తం బరువు మామూలుగా 80,000 పౌండ్లు, అంటే 36 టన్నులు దాటకూడదు. విడి రోడ్డు వేసి, రెండు మూడు ట్రైలర్లు తగిలించిన పొడవాటి బండ్లను దాని మీద అనుమతిస్తే ఒకే డ్రైవరు దాదాపు రెట్టింపు సరుకు లాగుతాడు. ఆ మిగులులోంచి టోలు సంతోషంగా కడతాడు. పైగా ఆ రోడ్డు మీద కాల్చిన డీజిల్ పన్ను వెనక్కి ఇచ్చేయాలని కూడా వాళ్లు అడిగారు.

మన దగ్గర ఈ వాదన నిలబడదు. 2018 జులైలో కేంద్రం యాక్సిల్ బరువులు పెంచింది. నాలుగు టైర్ల యాక్సిల్‌కు 10.2 టన్నులు ఉన్నది 11.5 అయింది, పెద్ద ట్రైలరు బండి మొత్తం బరువు 55 టన్నుల దాకా ఉండొచ్చు. అమెరికా వాడు విడి రోడ్డు వేసి తెచ్చుకుందామనుకున్న బరువులో చాలా భాగం మనం మామూలు రోడ్డు మీదే ఎక్కించేశాం. కాబట్టి తాడిపత్రి ఓనరుకు కొత్త రోడ్డు వల్ల సరుకులో లాభం లేదు. రావాల్సింది డీజిల్‌లో, టైమ్‌లో.

డీజిల్‌లో లాభం నిజంగానే ఉంది. 47.5 టన్నుల బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు దానిలో ఉండే శక్తి సుమారు 6.6 మెగాజౌళ్లు. బ్రేకు కొడితే అదంతా డ్రమ్ముల్లో వేడైపోతుంది. మళ్లీ ఆ వేగం రావడానికి, ఇంజిన్ సామర్థ్యం 40 శాతం దాకా అనుకుంటే, దాదాపు అర లీటరు డీజిల్ కావాలి. అంటే గొర్రెల మంద కోసం ఒకసారి పూర్తిగా ఆపితే 48 రూపాయలు. ఒక ట్రిప్పులో అలా 20 సార్లు ఆగితే వెయ్యి రూపాయలు. బ్రేక్ లైనర్ల అరుగుదల, టైర్ల అరుగుదల దీనికి అదనం.

టైమ్ లెక్క ఇంకోరకం. సగటు వేగం 45 నుంచి 60కి పెరిగితే 210 కిలోమీటర్లలో గంటా పది నిమిషాలు మిగులుతాయి. ఆ గంట బెంగళూరు బయట నో ఎంట్రీ క్యూలో కలిసిపోతే రూపాయి కూడా రాదు. మిగిలిన గంటలు కూడి నెలకు ట్రిప్పులు పెరిగితేనే డబ్బు. ఈఎంఐ, ఇన్సూరెన్సు, డ్రైవరు జీతం కలిపి బండి కదిలినా కదలకపోయినా నెలకు లక్షా పాతికవేలు పడుతుందనుకోండి. పది ట్రిప్పులైతే ట్రిప్పుకు 12,500. పన్నెండైతే 10,400. ట్రిప్పుకు 2,100 తగ్గింది. రానూపోనూ 420 కిలోమీటర్లకు పంచితే కిలోమీటరుకు 5 రూపాయలు. టైమ్ మిగులు మీద విడి రోడ్డు అదనంగా అడగగలిగిన టోలుకు అదే గరిష్ఠం, అదీ లోడింగ్, అన్‌లోడింగ్ రెండు చోట్లా ఆలస్యం తగ్గి ట్రిప్పులు నిజంగా పన్నెండైతే. లేకపోతే మిగిలేది డీజిల్ వెయ్యి రూపాయలే.

ఓనరుకు గిట్టకపోతే ఏమవుతుందో టెక్సస్ చూపించింది. ఆస్టిన్ నగరం మీదుగా పోయే ఐ-35 హైవే మీద లారీల రద్దీ తగ్గించడానికి పక్కనుంచి ఎస్‌హెచ్ 130 అనే టోల్ రోడ్డు వేశారు. బాగా వేశారు, గంటకు 85 మైళ్ల వేగం అనుమతించారు. లారీలు మాత్రం టోలు లేని ఐ-35నే పట్టుకున్నాయి. 2012లో తెరిచిన ప్రైవేటు భాగం 2016లో దివాలా పిటిషన్ వేసింది. లారీలను రప్పించడానికి టోలు తగ్గించి మరీ పిలవాల్సి వచ్చింది. సిమెంటు, బండలు, ముగ్గురాయి లాంటి సరుకులో కిరాయే పెద్ద భాగం. అలాంటి సరుకు తోలేవాడు గంట కోసం వెయ్యి రూపాయలు పెట్టడు. చీనీకాయలు, టమోటా, పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీకి పోయే విడిభాగాలు, వీటి ఓనర్లు పెడతారు. ఈ రెండు రకాల సరుకూ ఒకే రేటు కట్టాలంటే మొదటి రకం బండి పక్క ఊర్ల రోడ్డు ఎక్కుతుంది, ఆ రోడ్డు ఆరు నెలల్లో గుంతలవుతుంది.

రోడ్డు వైపు నుంచి కూడా చూడాలి, లేకపోతే లెక్క ఒంటికాలి మీద నిలబడినట్టే. అమెరికాలో 1958 నుంచి 1960 దాకా జరిగిన ఏఏఎస్‌హెచ్‌ఓ (అక్కడి రాష్ట్రాల హైవే అధికారుల సంఘం) రోడ్ టెస్టులో తేలిన సంగతి, యాక్సిల్ బరువు పెరిగితే రోడ్డు దెబ్బతినడం సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుంది, అంటే బరువు రెట్టింపైతే దెబ్బ పదహారు రెట్లు. 10.2 నుంచి 11.5కి బరువు పెరిగింది 13 శాతమే, రోడ్డుకు దెబ్బ మాత్రం 60 శాతం ఎక్కువ. 47.5 టన్నుల బండిలో ఇంకో 5 టన్నులు కుక్కితే దెబ్బ ఒకటిన్నర రెట్లు. టోలు స్లాబు? అది మారదు, ఎందుకంటే మన లారీల స్లాబులు యాక్సిళ్ల లెక్క మీద ఉన్నాయి కానీ బరువు మీద కాదు. పన్నెండు టైర్ల బండి, పదహారు టైర్ల బండి ఒకే స్లాబులో ఉన్నాయి. మూల ధరలోనే టన్నుకు చూస్తే ఆరు టైర్ల లారీకి కిలోమీటరుకు సుమారు 20 పైసలు, పదహారు టైర్లకు 10 పైసలు. చిన్న లారీలు లైన్ మీద కనపడకుండా పోవడానికి ఇదొక కారణం. ఓవర్‌లోడుకు 2019 నుంచి 20,000 జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకు ఇంకో 2,000. పట్టుబడితే తడిసి మోపెడవుతుంది, కానీ పట్టుబడాలి కదా.

జర్మనీ విడి రోడ్డు వేయలేదు. ఉన్న ఆటోబాన్‌ల మీదే 2005 జనవరి నుంచి మొదట 12 టన్నులు, ఆపైన ఉన్న లారీలకు, 2024 జులై నుంచి 3.5 టన్నులు దాటిన వాటికి కూడా, నడిచిన కిలోమీటర్లను బట్టి, శాటిలైట్ సాయంతో టోలు వసూలు చేస్తోంది. యాక్సిళ్లు, బరువు, బండి వదిలే పొగను బట్టి పెట్టిన తరగతి అన్నీ రేటులో ఉంటాయి. గేటు లేదు, ఆగడం లేదు. నా అభిప్రాయంలో మన ప్రాంతానికి పనికొచ్చే దారి ఇదే.

దీన్ని పెట్టడానికి చోటు కూడా ఉంది. కొడికొండ దగ్గర మొదలై సత్యసాయి, కడప జిల్లాల మీదుగా అద్దంకి వైపు పోయే బెంగళూరు–కడప–విజయవాడ ఎక్స్‌ప్రెస్‌వే, ఎన్‌హెచ్ 544జీ. ఇది కొత్తగా వేస్తున్న ఆరు లేన్ల రోడ్డు, ఎక్కడపడితే అక్కడ ఎక్కే వీలుండదు, కాబట్టి గొర్రెలూ రాంగ్ రూట్ బైకులూ ఉండవు. మూడు లేన్లలో ఎడమది లారీలకు వదిలి, దాన్ని మందంగా, మన ఎండలకు గాడి పడని తారుతోనో కాంక్రీటుతోనో వేస్తే విడి రోడ్డు ఇచ్చే లాభంలో ఎక్కువ భాగం ఇక్కడే వస్తుంది. టోల్ గేటు దగ్గర నేల కాంక్రీటుతో వేసేది ఎందుకో గమనించండి, నిలబడిన బరువుకు తారు జారిపోతుంది. విడిగా ఒక్కటే లేన్ వేస్తే ఇంకో చిక్కు: ఎత్తు ఎక్కలేక నడుస్తున్న బండి వెనక మిగతా బండ్లన్నీ నడవాల్సిందే.

ఈ రోడ్డు టోలు బోర్డు పెట్టిన రోజు లారీ ఓనర్లు రేటు అంకె ఒక్కటే చూసి ఊరుకోవద్దు. ఎక్స్‌ప్రెస్‌వేకు మామూలు రహదారి కన్నా 25 శాతం ఎక్కువ ఉండొచ్చు, మన లెక్కలో కిలోమీటరుకు 2 రూపాయలు. డీజిల్ మిగులు దాన్ని మోయగలదు. ఎక్కిన చోటి నుంచి దిగిన చోటికే లెక్కేస్తున్నారా, ఎక్కే దగ్గరే కదిలే బండిని తూచే కాటా ఉందా, లారీలు రాత్రి ఆగడానికి నీళ్లూ లైటూ ఉన్న చోటు ఎన్ని కిలోమీటర్లకొకటి ఉంది, ఈ మూడూ అడగండి. కడప జిల్లాలో ఎక్కి 60 కిలోమీటర్లకే దిగిపోయే బండల లారీ మొత్తం సెక్షన్ టోలు కట్టాల్సి వస్తే, ఆ లారీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కదు.