హంపి వెళ్తున్నారు కదా, కాలువ దగ్గర కాసేపు ఆగండి

అందరికీ నమస్కారం. రేపు తెల్లవారుజామునే బస్సు, ఇంకా సామాను సర్దుకోని వాళ్లు మీలో చాలామంది ఉంటారు, అందుకని నేరుగా విషయంలోకి వస్తాను.

హంపిలో విరూపాక్షుడి గుడి, ఏనుగుల శాల, ఉగ్ర నరసింహుడు, ఇవన్నీ గైడు చూపిస్తాడు. రాతి రథం యాభై రూపాయల నోటు మీదే ఉంది, దాన్ని చూడకుండా ఎవరూ రారు. కాలువ దగ్గర మాత్రం బస్సు ఆపమని ఎవరూ అడగరు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు దాన్ని దాటుకుంటూనే వెళ్లాను, ఇన్ని బండరాళ్ల మధ్య అరటి తోటలు ఇంత పచ్చగా ఎలా ఉన్నాయబ్బా అనుకున్నాను గానీ, నీళ్లు ఎక్కడివని అడగాలని తోచలేదు. అది తుర్తు కాలువ. తుంగభద్రకు ఆనకట్ట కట్టి విజయనగర రాజుల కాలంలో తవ్వించింది. గుళ్లున్న వైపుకీ రాజుల కోటకీ మధ్య ఉన్న పల్లంలో ఇవాళ్టికీ ఆ నీళ్లతోనే పంట పండుతోంది. రాజభవనాల్లో మిగిలింది పునాదులే. కాలువ ఇంకా పారుతోంది!

వాన తక్కువ సీమ ఎలా ఉంటుందో అనంతపురం వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 1336లో హరిహర, బుక్కరాయలు మొదలుపెట్టిన రాజ్యం అలాంటి చోట అంత పెద్ద నగరాన్ని నిలబెట్టిందంటే నీళ్ల సంగతి తెలిసిన మనుషులు ఉండబట్టే. కోట లోపల నల్లరాతి మెట్ల కోనేరు ఒకటుంది, 1980ల్లో తవ్వకాల్లో బయటపడింది. మెట్లు అయిదు వరసలు. దగ్గరికెళ్లి రాళ్లను చూడండి, ఏ రాయి ఏ వైపు, ఎన్నో వరసలో పెట్టాలో శిల్పులు చెక్కుకున్న గుర్తులుంటాయి. అంటే వేరేచోట చెక్కి, తెచ్చి, ఇక్కడ పేర్చారన్నమాట. దాని పక్కనే రాతి స్తంభాల మీద నీళ్లు తెచ్చిన రాతి తొట్టి కాలువ. నాకు హంపి మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, వినడానికి కష్టంగా ఉంటుంది. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, కృష్ణదేవరాయలు తవ్విస్తున్న చెరువు దగ్గర పదిహేను ఇరవై వేలమంది చీమల్లా పనిచేస్తుండగా చూశానని రాశాడు. ఆ చెరువు రెండు మూడుసార్లు తెగిందట, దేవుడికి రక్తం కావాలన్నారని అరవైమంది మనుషుల్నీ కొన్ని గుర్రాల్నీ దున్నల్నీ గుడి వాకిట్లో బలిచ్చారని కూడా ఆయనే రాశాడు. రాయల్ని మనం ఎంతగానో ప్రేమిస్తాం, నేనూ ప్రేమిస్తాను. అయినా ఆ కట్ట మీద మట్టి మోసినవాళ్లనీ ఆ అరవైమందినీ పక్కన పెట్టేసి రాయల వైభవం ఒక్కటే చెప్పుకోవడం నాకు చేతకాదు.

1565 జనవరిలో అళియ రామరాయలు యుద్ధంలో చనిపోయాడు, ఆయన తమ్ముడు తిరుమలరాయలు ఖజానాతో మన పెనుకొండకు వచ్చేశాడు, దక్కను సుల్తానుల సేనలు నగరంలోకి వచ్చి దోచుకున్నాయి. ఇది మీరందరూ చదివిందే. రాజులు వెళ్లిపోయాక కూడా రైతులు ఆ కాలువలు పూడ్చుకోలేదు, ఏటా పూడిక తీసుకుంటూ కాపాడుకున్నారు కాబట్టే రేపు మనం వాటిని చూడగలుగుతాం.

తిరుగు ప్రయాణంలో హొసపేట దగ్గర తుంగభద్ర డ్యాం చూస్తారు. అక్కడి నుంచి బయల్దేరే ఎగువ కాలువే మన జిల్లాకు నీళ్లు తెస్తుంది. పొద్దున బయల్దేరేముందు డ్రైవరుకు నేనే చెప్తాను, తుర్తు కాలువ దగ్గర ఓ పావుగంట ఆపమని. పొలంలో ఎవరైనా కనిపిస్తే ఆ నీళ్ల గురించి అడగండి, మనలో కన్నడం వచ్చినవాళ్లు ముందు నిలబడండి.