యెర్బా మాతే: ఆకు, పొగ, నీటి వేడి

సభకు నమస్కారం.

పరాగ్వే, అర్జెంటీనా, ఉరుగ్వే దేశాలలోనూ బ్రెజిల్ దక్షిణ రాష్ట్రాలలోనూ కోట్లాది మంది రోజూ తాగే యెర్బా మాతే అనే ఆకు పానీయం గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. ఈ పేరు వినగానే చాలామంది మొదట అడిగేది, అది ఒంటికి మంచిదా, చెడ్డదా అని. ఆకును ఒక్కదాన్నే ప్రయోగశాలకు పంపి ఈ ప్రశ్నకు జవాబు తెప్పించుకోలేమని నా అభిప్రాయం. ఆ ఆకును ఎలా ఆరబెట్టారు, దానిమీద ఎంత వేడి నీళ్లు పోశారు, పొద్దున్నుంచి రాత్రి దాకా ఎన్నిసార్లు పోశారు అన్నవి తెలిస్తే తప్ప ఏ మాటా నిలవదు. అందుచేత ఆచారాలు ముందు చెప్పి, ఆరోగ్యం సంగతికి తర్వాత వస్తాను.

మాతే చెట్టు శాస్త్రీయ నామం ఐలెక్స్ పరాగ్వారియెన్సిస్. ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త ఓగ్యుస్త్ ద సాంతిలేర్ 1822లో ఆ పేరు పెట్టాడు. మన తేయాకు మొక్కతో దీనికి ఏ చుట్టరికమూ లేదు, అయినా రెండింటిలోనూ కెఫీన్ ఉంది. స్పెయిన్ వారు రాకముందే అక్కడి ఆదివాసులైన గ్వారానీ ప్రజలు ఈ ఆకును వాడేవారు. పదిహేడవ శతాబ్దం తొలినాళ్లలో ఎర్నాందారియాస్ అనే గవర్నరు దీనిని దురలవాటుగా భావించి నిషేధించాడు, జెసూట్ మతగురువులు కూడా మొదట్లో దీనిని నిందించారు. కొన్ని దశాబ్దాలు గడిచేసరికి ఆ మతగురువులే తోటలు వేసి, ఆకు అమ్మి, తమ స్థావరాలను పోషించుకున్నారు. ఆదాయం కళ్లబడ్డాక దురలవాటు వ్యవసాయంగా మారడం చరిత్రలో ఇదే మొదటిసారి కాదు లెండి.

ఆ తోటల వెనుక ఒక నేర్పు ఉంది. మాతే గింజ పెంకు గట్టిది, విత్తిన చాలా గింజలు మొలవవు. అడవిలో పక్షులు పండు తిని, గింజను విసర్జించడం వల్ల మొలకలు వస్తాయి. జెసూట్‌లు గింజలను మొలిపించే పద్ధతి కనిపెట్టారు గాని, 1767లో స్పెయిన్ రాజు వారిని వెళ్లగొట్టడంతో తోటలూ పాడుబడ్డాయి, విద్యా మరుగునపడింది. ఆ తర్వాత ఒక శతాబ్దానికి పైగా లోకానికి అడవి ఆకే గతి అయింది. జర్మన్ అన్వేషకుడు హంబోల్ట్‌తో కలిసి తిరిగిన వృక్షశాస్త్రవేత్త ఎమే బోంప్లాన్ 1820 ప్రాంతంలో మాతే సాగుకు పూనుకుంటే, తమ వ్యాపారానికి పోటీ వస్తుందని పరాగ్వే నియంత ఫ్రాన్సియా 1821లో ఆయనను పట్టి తెప్పించి, ఏళ్ల తరబడి దేశం దాటనివ్వలేదు. పందొమ్మిదవ శతాబ్దం చివరలో పరాగ్వేలో ఫెదెరికో నోయ్‌మన్, బ్యూనస్ ఐరిస్ వృక్షోద్యానం అధిపతి కార్లోస్ తేస్ గింజలను మళ్లీ మొలిపించిన తర్వాతే నేటి తోటలకు దారి ఏర్పడింది.

అర్జెంటీనాలోని మిసియోనెస్ రాష్ట్రంలో ఆకు కోసే కూలీలను తారెఫెరోలు అంటారు. వారు కొమ్మలను కోసి, పెద్ద గుడ్డలో మూటగట్టి లారీలకు ఎక్కిస్తారు. కోసిన ఆకు నల్లబడకుండా వెంటనే దానిని మంట మీదుగా కొన్ని సెకన్ల పాటు పోనిస్తారు. ఆపైన పూర్తిగా ఆరబెట్టి, మొరుముగా నలగగొట్టి, అర్జెంటీనాలోనైతే చాలాకాలం, ఒక్కోసారి రెండేళ్ల వరకు, గిడ్డంగిలో మాగనిస్తారు. బ్రెజిల్ వారు మాగనివ్వరు, అందుకే వారి పొడి పచ్చగా, మెత్తగా ఉంటుంది. ఆరబెట్టే పాత పద్ధతిలో కట్టెల పొగ నేరుగా ఆకుకు తగులుతుంది. పొగ వాసన ఉన్న ఆకునే కోరి కొనేవారు ఇప్పటికీ ఉన్నారు. ఈ పొగ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక తాగే తీరు. పాత్ర మరేదో కాదు, ఎండిన సొరబుర్ర. మన పాదుల మీద కాసే సొరకాయ, ఆ బుర్ర ఒకే జాతివి. మన పల్లెల్లో కల్లుకూ నీళ్లకూ సొరబుర్రలు వాడినట్టే అక్కడ మాతేకు వాడుతున్నారు. బుర్రలో మూడింట రెండు వంతులు ఆకు పోసి, మూతిని అరచేత్తో మూసి, తలకిందులు చేసి ఆడిస్తారు. సన్నటి దుమ్ము అరచేతికి అంటుకుంటుంది. తర్వాత బుర్రను వంచి ఆకంతా ఒక పక్కకు ఒరిగేలా చేసి, ఏర్పడిన గుంటలో గోరువెచ్చని నీళ్లు పోసి, ఆకు నానాక కింద జల్లెడ ఉన్న లోహపు గొట్టాన్ని దించుతారు. దాని పేరు బొంబిల్యా. అక్కణ్ణుంచి ఫ్లాస్కులోని వేడినీళ్లను ప్రతిసారీ అదే చోట సన్నధారగా పోయాలి, పక్కన ఉన్న పొడి ఆకు ఒక్కసారిగా తడవకూడదు. గొట్టాన్ని కదపకూడదు. తెలియని అతిథి దానితో కలియబెడితే ఇంటివారి ముఖాలు మాడిపోతాయి.

పోసే బాధ్యత ఒకరిదే, ఆ వ్యక్తిని సెబాదోర్ అంటారు. మొదటి బుర్ర చేదుగానూ నలుసులతోనూ ఉంటుంది గనుక దానిని సెబాదోరే తాగుతాడు. తర్వాత ఒక్కొక్కరికే బుర్ర నింపి ఇస్తాడు, అందుకున్నవారు అడుగున గరగర శబ్దం వచ్చేదాకా తాగి తిరిగి ఇస్తారు. ‘గ్రాసియాస్’ అని కృతజ్ఞత చెబితే ఇక తనకు చాలని అర్థం, ఆ వరుసలో మళ్లీ బుర్ర వారి దగ్గరకు రాదు. ఒకే గొట్టం అందరి నోళ్లూ తిరిగే ఈ పద్ధతిని 2020లో కరోనా గట్టిగా దెబ్బతీసింది. ఎవరి బుర్ర వారే తెచ్చుకోవాలని ఆ దేశాల ఆరోగ్యాధికారులు చెప్పవలసి వచ్చింది.

ఎండలు మండే పరాగ్వేలో ఇదే ఆకును చన్నీళ్లతో, దంచిన మూలికలు కలిపి, తరచుగా పశువు కొమ్ముతో చేసిన పాత్రలో తాగుతారు. దానిని తెరెరే అంటారు. ఆ మూలికల పరిజ్ఞానంతో సహా తెరెరేను యునెస్కో 2020లో మానవాళి అమూర్త వారసత్వాల జాబితాలో చేర్చింది. దక్షిణ అమెరికాకు వలసవెళ్లి తిరిగివచ్చినవారి వల్ల ఈ అలవాటు సిరియా, లెబనాన్‌లకూ పాకింది. అర్జెంటీనా ఆకును ఎక్కువగా కొనే దేశాలలో సిరియా ఒకటి.

ఆరోగ్యం విషయంలో మొదట చెప్పవలసింది అన్నవాహిక కేన్సర్ గురించి. ఉరుగ్వేలోనూ దక్షిణ బ్రెజిల్‌లోనూ ఈ జబ్బు ఎక్కువగా కనిపించడంతో పరిశోధకుల చూపు మాతే మీద పడింది. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1991లో ‘వేడి మాతే’ను బహుశా కేన్సర్ కారకమని వర్గీకరించింది. 2016లో అదే సంస్థ పిలుపుపై ఫ్రాన్స్‌లోని లియాన్‌లో 23 మంది శాస్త్రవేత్తలు ఆధారాలన్నిటినీ తిరిగి పరిశీలించి, తప్పు ఆకుది కాదు, వేడిది అన్నారు. 65 డిగ్రీల సెల్సియస్ మించిన వేడితో తాగే ఏ పానీయమైనా బహుశా కేన్సర్ కారకమే. అంత వేడి లేని మాతేను ఏ వర్గంలోనూ చేర్చడానికి తగిన ఆధారం లేదు. చల్లని మాతే వల్ల హాని కనబడలేదు. ఫ్లాస్కులో నీళ్లు సాధారణంగా 70 నుంచి 80 డిగ్రీల మధ్య ఉంటాయి, పైగా లోహపు గొట్టం ఆ వేడిని నేరుగా నోటి వెనకకు చేరుస్తుంది. పొగతాగడం, మద్యం తోడైతే ముప్పు మరింత పెరుగుతుంది. పొగలు కక్కుతుండగానే టీ గుక్కలు వేసే మనకు కూడా ఈ 65 డిగ్రీల హద్దు వర్తిస్తుంది. ఆ సమీక్షలో చైనా, ఇరాన్, టర్కీల వేడి టీ కూడా ఉంది మరి.

వేడి ఒక్కటే అనుకుని పొగను వదిలేయలేం. కట్టెల పొగలో ఆరిన ఆకులో బెంజోపైరీన్ వంటి హానికర పదార్థాలు చేరతాయి, కొంత భాగం నీటిలోకీ దిగుతుంది. పొగ తగలకుండా వేడిగాలితో ఆరబెట్టిన ఆకులు ఇప్పుడు దొరుకుతున్నాయి. రుచి కొంత తగ్గినా అవే మేలని నేనంటాను.

మంచి పక్షాన కూడా ఆధారాలున్నాయి గాని, కొలతలో చిన్నవి. ఆకులో క్లోరోజెనిక్ ఆమ్లం, సపోనిన్లు అనే సహజ వృక్ష పదార్థాలు పుష్కలంగా ఉన్నాయి. బ్రెజిల్‌లో జరిగి 2009లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవారు రోజుకు మూడుసార్లు, 330 మిల్లీలీటర్ల చొప్పున 40 రోజులు మాతే తాగితే, చెడ్డ కొలెస్ట్రాల్ సుమారు 8 నుంచి 9 శాతం తగ్గింది. ఇది ఆసక్తికరమే గాని, డాక్టరు రాసిన మందు మానేయడానికి కారణం కాదు. బరువు తగ్గిస్తుందని మాతే పానీయం డబ్బాల మీద రాసే మాటలను నేను అంతకన్నా తక్కువ నమ్ముతాను.

కెఫీన్ లెక్క వేరు. ఎండుటాకు బరువులో సుమారు ఒకటి, రెండు శాతం కెఫీన్ ఉంటుంది. బుర్రలో 50 గ్రాముల ఆకు వేస్తే అందులో ఉన్నది అర గ్రాము నుంచి గ్రాము వరకు. అదంతా నీటిలోకి దిగకపోయినా, అదే ఆకు మీద లీటరు నీళ్లు పోసి ఒక్కరే తాగితే చాలా భాగం ఒంట్లోకి చేరుతుంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాములు, గర్భిణులకు 200 మిల్లీగ్రాములు హద్దుగా చెప్పింది. పదిమంది మధ్య తిరిగిన బుర్రలో ఒక్కొక్కరి వాటా తక్కువ; అమెరికాలో మన పిల్లలు చదువుకుంటూ ఒంటరిగా తాగే బుర్రకూ డబ్బాకూ అలాంటి పంపకం లేదు. డబ్బాపై రాసిన కెఫీన్ అంకె చూసి తాగితే లెక్క తప్పదు. టీలాగే మాతే కూడా శాకాహారంలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. కాబట్టి రక్తహీనత ఉన్నవారు దీనిని భోజనంతోనూ ఐరన్ మాత్రతోనూ కలిపి కాక, గంటో రెండు గంటలో ఎడం ఇచ్చి తాగాలి.

ఇక మీ ప్రశ్నలు వింటాను.