తిరిగొచ్చిన పార్శిల్ ఎవరి నెత్తిన?

(రాజమహేంద్రవరం స్టూడియోలో జరిగిన చర్చ నుంచి. ఆత్రేయపురం నుంచి పూతరేకులు పంపే ఒకావిడ, రిటైరైన పోస్టుమాస్టారు, అమలాపురం న్యాయవాది, లంక గ్రామాల్లో పార్శిళ్లు పంచే కుర్రాడు పాల్గొన్నారు. నలుగురూ ఒకేసారి మాట్లాడిన చోట కాస్త తెంపాం, మిగతాదంతా ఉన్నదున్నట్టే.)

వ్యాఖ్యాత: అమ్మా, ముందు ఆ అట్టపెట్టె సంగతి చెప్పండి. స్టూడియో అంతా నెయ్యి వాసన.

పూతరేకుల వ్యాపారి: నిన్ననే తిరిగొచ్చిందండీ. హైదరాబాద్ పంపి 11 రోజులైంది. ఈ మూల చూడండి, అట్ట నానిపోయింది. (మూత తీసి ఒక చుట్ట పట్టుకోబోతే వేళ్ల మధ్యే పొడైపోయింది.) పిండిలో ముంచిన గుడ్డని వేడి కుండ మీద ఒక్క లాగు లాగితే ఒక్క రేకు. అలా ఎన్ని లాగితే ఒక డబ్బా అవుతుందో మీరే లెక్కేసుకోండి. ఇది ఇప్పుడు కోళ్లకే.

వ్యాఖ్యాత: డబ్బులు రాలేదా?

పూతరేకుల వ్యాపారి: క్యాష్ ఆన్ డెలివరీ కదండీ. పోను చార్జీ మాదే, రాను చార్జీ మాదే. వద్దన్నవాళ్లకి పైసా పోదు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ గుర్తింపు వచ్చింది, అంటే ఆ సరుకు ఆ ఊరిదేనని చెప్పే ముద్ర. ఆ తర్వాత మాకు దూరం నుంచి ఆర్డర్లు పెరిగాయి, తిరుగు టపాలూ పెరిగాయి. ఆవిడ ముచ్చటపడి ఆర్డర్ పెడుతుంది, తలుపు తీసేది ఆయన. "ఎవరు చెప్పారు మీకు, పట్టుకుపోండి" అంటాడు. అయిపోయింది.

పోస్టుమాస్టారు: ఇది ఇవాళ్టి జబ్బు కాదమ్మా. వీపీపీ, అంటే వాల్యూ పేయబుల్ పోస్టు పద్ధతి, 1877లోనే వచ్చింది. డబ్బు కడితేనే పార్శిల్ చేతికి, ఆ డబ్బు పంపినవాళ్లకి మనియార్డర్‌గా వెళ్లేది. పేపర్లో ప్రకటన చూసి తెప్పించుకోవడం, తీరా పోస్టుమ్యాన్ సైకిల్ గంట వినపడగానే పెరటి దారిన జారుకోవడం. ఎంతమందిని చూశానో!

వ్యాఖ్యాత: వద్దంటే మీరేం చేసేవారు మాస్టారూ?

పోస్టుమాస్టారు: పార్శిల్ మీద "రెఫ్యూజ్డ్" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. ఇక అది మా దగ్గర ఆగదు, పంపినవాళ్లకే పోతుంది. ఇంటికి తాళం ఉంటే "డోర్ లాక్డ్". అప్పుడు చీటీ ఇచ్చి వచ్చి, ఆఫీసులో 7 రోజులు ఉంచుతాం. ఊరొదిలి వెళ్లిపోతే ఒక మాట, అడ్రస్ చాలకపోతే ఇంకో మాట. జనం మాత్రం అన్నిటికీ కలిపి "రిటర్న్ అయింది" అనేస్తారు.

న్యాయవాది: మా కేసులు తేలేది ఆ రాతల దగ్గరే. మా దగ్గర చేపల చెరువులాయన ఒకరు, మేత డీలరుకిచ్చిన చెక్కు బౌన్సయింది. లాయర్ నోటీసు వస్తే కవరు చూసి తీసుకోనన్నాడు. ముట్టుకోలేదు కాబట్టి అందనట్టేనని ఆయన ధీమా. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం, 27వ సెక్షన్ ఏమంటుందంటే, సరైన అడ్రస్ రాసి, చార్జీ కట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపితే అందినట్టే లెక్క. అందలేదని చూపించుకోవాల్సింది ఆయనే. చెక్కు కేసుల్లోనూ అంతేనని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు అందలేదనేవాళ్లు కోర్టు సమన్లు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టేయొచ్చు, కట్టకుండా ఆ మాట పట్టుకుని వేలాడితే కుదరదంది.

వ్యాఖ్యాత: ముట్టుకోకపోయినా అంటుకుంది.

న్యాయవాది: తీసుకుని ఉంటే అందులో ఎంత అడిగారో, ఎన్ని రోజుల్లో కట్టమన్నారో అయినా తెలిసేది. ఈయనకి అదీ లేదు.

వ్యాఖ్యాత: తమ్ముడూ, నీ మీద చాలా ఫిర్యాదులున్నాయి. ఇంటికెవరూ రారు, ఫోన్‌కి మాత్రం "కస్టమర్ వద్దన్నారు" అని మెసేజ్ వస్తుందంటున్నారు.

డెలివరీ కుర్రాడు: ఆయ్, జరుగుతుందండీ. అబద్ధం ఎందుకు చెప్పాలి? గోదారి పోటెత్తి పంటు, అదే మనుషుల్ని దాటించే పడవ, ఆపేశారనుకోండి, ఏటి మధ్య లంకలోకి ఎలా వెళ్లమంటారు? మా యాప్‌లో "వరద" అన్న బటన్ లేదండీ. ఏదో ఒకటి నొక్కితేగానీ ఆ రోజు లెక్క ముగియదు.

పూతరేకుల వ్యాపారి: అందుకని వద్దన్నారని నొక్కేస్తావా?

డెలివరీ కుర్రాడు: నేనైతే "రేపు రమ్మన్నారు" అని నొక్కుతానండీ. మూడు రేపులయ్యాక అదే వెనక్కి పోద్ది.

(ఇక్కడ అందరూ నవ్వారు, ఆవిడ తప్ప.)

డెలివరీ కుర్రాడు: అడ్రస్‌లు కూడా చూడండి. "రామాలయం వీధి, కొబ్బరితోట పక్కన." కోనసీమలో కొబ్బరితోట పక్కన లేని ఇల్లేదండీ?

పోస్టుమాస్టారు: పిన్ కోడ్ సరిగ్గా వేస్తే సగం బాధ తీరుతుంది. 1972 ఆగస్టు 15న పెట్టారు. నరసాపురం వైపు మొదటి మూడంకెలు 534, రేవు దాటి సఖినేటిపల్లి వెళ్తే 533. మధ్యలో ఉన్నది గోదారి వశిష్ఠ పాయే, కానీ అంకె తప్పితే పార్శిల్ ఎక్కడెక్కడో తిరుగుతుంది. 2022లో జిల్లాలు విడగొట్టారు, పిన్ కోడ్‌లు మాత్రం పాతవే. జిల్లా పేరు పాతది రాసినా చెల్లుతుంది, అంకె తప్పు రాస్తే చెల్లదు. ఇంకోటి, పంపేవాళ్లు తమ అడ్రస్ రాయరు. అటూ చేరక, ఇటూ రాలేకపోతే అది రిటర్న్డ్ లెటర్ ఆఫీసుకి పోతుంది. పూర్వం డెడ్ లెటర్ ఆఫీసు అనేవాళ్లం. అక్కడ విప్పి, లోపల ఆచూకీ ఏమైనా దొరుకుతుందేమో వెతుకుతారు. అందుకే డబ్బా లోపల కూడా ఒక చీటీ పెట్టమంటాను.

వ్యాఖ్యాత: విదేశాలకైతే?

పోస్టుమాస్టారు: పార్శిల్ ఫారంలోనే అడుగుతారు, అందకపోతే వెనక్కి పంపాలా, వదిలేయాలా అని. ఆ గడి చూడకుండా సంతకం పెట్టేవాళ్లే ఎక్కువ. వెనక్కి అని టిక్కు పెడితే తిరుగు చార్జీ మీ మీద పడొచ్చు.

పూతరేకుల వ్యాపారి: 2025 ఆగస్టులో అమెరికాకి పోస్టులో పార్శిళ్లు ఆపేశారు కదండీ, అక్కడి సుంకం మారిందని. అక్టోబరులో మళ్లీ మొదలెట్టారు. మధ్యలో దసరా పోయింది. మా అక్క కూతురికి కట్టిన ఆవకాయ మేమే తిన్నాం.

న్యాయవాది: చూసేవాళ్లకి ఒక మాట చెప్పాలి. "అడ్రస్ సరిగ్గా లేక మీ పార్శిల్ వెనక్కి పోతోంది, ఈ లింకులో అయిదు రూపాయలు కట్టండి" అని మెసేజ్ వస్తే లింకు నొక్కకండి. పోస్టాఫీసుకి వెళ్లి అడగండి. డబ్బు పోయిందా, వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

వ్యాఖ్యాత: సమయం అయిపోతోంది. అమ్మా, ఇంతకీ ఈ డబ్బా మీద ఏం రాశారు?

పూతరేకుల వ్యాపారి: (పెట్టె తిప్పి కెమెరా వైపు పెట్టి) "డోర్ లాక్డ్" అండీ. నేను పంపింది మా తోటికోడలు తమ్ముడికి. అతనిది టీ బండి. బండికి తలుపెక్కడిదండీ?

డెలివరీ కుర్రాడు: ఆ చేతిరాత నాది కాదండోయ్!