ఓటు మురిగిపోతుందన్న భయం ఎక్కడ విరుగుతుంది?

నమస్కారం.

కొత్త పార్టీ జెండా పట్టుకుని ఇంటింటికీ తిరిగినవాళ్లను ఎవరినైనా అడగండి, మనసును బాగా కుంగదీసిన మాట ఏమిటని. తిట్లు ఎవరికీ గుర్తుండవు. గుర్తుండేది ఒక మెచ్చుకోలు. "మీరు మంచివాళ్లు బాబూ, చెప్పేదీ నిజమే. కానీ మీకు వేస్తే నా ఓటు మురిగిపోతుంది కదా!" అంటారు. తలుపు మర్యాదగానే మూసుకుంటుంది. రెండు పెద్ద పార్టీలు పాతుకుపోయిన చోట మూడో పార్టీ ఎన్నికల రోజున ఓడిపోదు. ఈ మాటకు జవాబు చెప్పలేక గుమ్మంలోనే ఓడిపోతుంది. స్థానిక ఎన్నికల్లో ఈ మాటకు జవాబు ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఈరోజు దాని గురించే మాట్లాడతాను.

ముందుగా, ఆ ఓటరును తప్పుపట్టకండి. ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వారే గెలిచే పద్ధతి క్రమంగా రెండు పార్టీలనే మిగులుస్తుందని ఫ్రాన్స్‌కు చెందిన రాజనీతి శాస్త్రవేత్త మోరిస్ డువెర్జే 1951లోనే రాశారు. మూడో పార్టీ ఓట్లు నలుమూలలా చెదిరిపోయి సీట్లుగా మారవు. అది చూసిన ఓటరు, బొత్తిగా గిట్టనివాడు గెలవకూడదని, మిగిలినవాడిలో కాస్త నయం చూసుకుని అతనికి వేస్తాడు. అంటే అతను లెక్క వేసుకునే ఓటు వేస్తున్నాడు. అలాంటి మనిషి ముందు ఆదర్శాల గురించి ఎంతసేపు ఉపన్యసించినా లాభం లేదు. అతని కళ్లముందు లెక్క మారాలి. అది మారగలిగేది వార్డులో.

ఉదాహరణకు 3,000 మంది ఓటర్లున్న వార్డు అనుకోండి. 60 శాతం పోలింగ్ జరిగితే పడేవి 1,800 ఓట్లు. ముగ్గురు పోటీలో ఉంటే 700 ఓట్లు తెచ్చుకున్నవాళ్లు చాలావరకు గెలుస్తారు. ఇంటికి మూడు ఓట్లు చొప్పున చూస్తే దాదాపు 235 ఇళ్లు. పదిమంది కార్యకర్తలు పంచుకుంటే ఒక్కొక్కరికి 24 ఇళ్లు కూడా రావు. ఇరవై నాలుగు ఇళ్ల మనుషులను పేరుపేరునా గుర్తుపెట్టుకోవచ్చు. ఎవరింట్లో పింఛను ఆగిందో, ఎవరి వీధిలో దీపం వెలగడం లేదో తెలుసుకోవచ్చు. రాష్ట్రమంతా పోటీ చేసేవాడికి కోట్లు ఖర్చుపెట్టినా ఈ పరిచయం దొరకదు.

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో బెర్నీ శాండర్స్ 1972 నుంచి 1976 వరకు లిబర్టీ యూనియన్ అనే చిన్న పార్టీ తరఫున సెనేట్‌కు, గవర్నర్ పదవికి నాలుగుసార్లు పోటీ చేశారు. ఏ ఒక్కసారీ పది శాతం ఓట్లు కూడా రాలేదు. 1981లో అదే మనిషి స్వతంత్ర అభ్యర్థిగా బర్లింగ్టన్ నగర మేయర్ పదవికి నిలబడి, పదేళ్లుగా ఆ కుర్చీలో ఉన్న నాయకుడి మీద గెలిచారు. తేడా 10 ఓట్లు! ఒక వీధిలో ఇంకో సాయంత్రం తిరగడమా మానడమా అన్నంత చిన్న తేడా అది.

అయితే ఆ కథలో రెండో సగాన్ని చాలామంది చెప్పరు. 13 మంది ఉన్న నగర మండలిలో ఆయన పక్షాన నిలిచింది ఇద్దరే. ఆయన ప్రతిపాదించిన నియామకాలను మిగిలినవాళ్లు అడ్డుకున్నారు. మరుసటి ఏడాది వార్డు ఎన్నికల్లో ఆయన వర్గం బలం పెరిగాక గానీ పాలన గాడిన పడలేదు. పై కుర్చీ ఒక్కటే దక్కితే చేతులు కట్టేసినట్టే ఉంటుంది.

ఇక తొందర సంగతి. ఆమ్ ఆద్మీ పార్టీ 2012 నవంబరులో పుట్టింది. 2013 డిసెంబరులో ఢిల్లీ శాసనసభలోని 70 సీట్లలో 28 గెలిచి అందరినీ ఆశ్చర్యపరిచింది. కొన్ని నెలలకే లోక్‌సభ ఎన్నికల్లో నాలుగు వందలకు పైగా స్థానాల్లో అభ్యర్థులను దించింది. గెలిచినవి 4, నాలుగూ పంజాబ్‌లోనే. చాలాచోట్ల డిపాజిట్లు గల్లంతయ్యాయి. తిరిగి ఢిల్లీ మీదే దృష్టి పెట్టాక 2015లో 70కి 67 వచ్చాయి. అవి శాసనసభ, లోక్‌సభ ఎన్నికలే కావచ్చు, కానీ పట్టణంలోని నలభై వార్డుల్లోనూ అభ్యర్థులను నిలబెట్టాలని ఉబలాటపడే కొత్త పార్టీకి అవే హెచ్చరిక. ముప్పై ఎనిమిది చోట్ల డిపాజిట్ పోయిందన్న వార్త, బాగా పోరాడిన రెండు వార్డులనూ మింగేస్తుంది.

మరి ఆ కొద్ది వార్డులను ఎలా ఎంచుకోవాలి? రెండు పార్టీలు నువ్వా నేనా అని తలపడే వార్డుల జోలికి మొదటే వెళ్లకండి. అక్కడ "ఓట్లు చీలుస్తారు" అన్న నింద మీ మెడకు చుట్టుకుంటుంది. ఒకే పార్టీ ఏళ్లతరబడి గెలుస్తూ, రెండో పార్టీ పేరుకు మాత్రమే నామినేషన్ వేసే వార్డులను వెతకండి. అక్కడ చీలడానికి ఏమీ లేదు. ప్రతిపక్షం ఖాళీగా ఉంది, మీరు వెళ్లి నిలబడండి. గత ఎన్నికల బూత్‌వారీ ఫలితాలు దగ్గర పెట్టుకుని కూర్చుంటే అవి ఒక్క సాయంత్రంలో తేలిపోతాయి. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. పెద్ద పార్టీలో టికెట్ దక్కక అలిగి వచ్చినవాడు చేతిలో వెయ్యి ఓట్లున్నాయని చెప్పినా తొందరపడి చేర్చుకోకండి. అతను రేపు వెనక్కి పోతే మీ పేరు కూడా పట్టుకుపోతాడు.

ఎన్నికలు లేని నెలల్లో చేసిన పనే ఓటుగా మారుతుంది. బ్రిటన్‌లో మూడో స్థానంలో మిగిలిపోయిన లిబరల్ పార్టీ 1970లో తన మహాసభలో, ప్రజల మధ్య ఏడాది పొడవునా పనిచేయాలని తీర్మానించుకుంది. లివర్‌పూల్‌లో ఆ పార్టీవాళ్లు 'ఫోకస్' పేరుతో చిన్న కరపత్రాలు ఇంటింటికీ పంచారు. అందులో ప్రపంచ రాజకీయాలు ఉండవు, ఆ వీధిలో విరిగిన కాలిబాట ఉంటుంది, దాని గురించి ఎవరిని అడిగారో ఉంటుంది. 1973లో ఆ నగర మండలిలో లిబరళ్లే అతిపెద్ద పార్టీ అయ్యారు.

అంతకు అరవై ఏళ్ల ముందే అమెరికాలోని మిల్వాకీ నగరంలో సోషలిస్టులు ఇదే చేశారు. ఆదివారం పొద్దున్నే కట్టలు కట్టలుగా కరపత్రాలు మోసుకెళ్లి, జర్మన్ మాట్లాడే ఇంటికి జర్మన్‌లో, పోలిష్ మాట్లాడే ఇంటికి పోలిష్‌లో అందించేవారు. ఏ గుమ్మంలో ఏ భాష వినిపిస్తుందో తెలియాలంటే ఎన్నిసార్లు ఆ గుమ్మం దాకా వెళ్లి ఉండాలో ఆలోచించండి. 1910లో వాళ్ల ఎమిల్ సైడెల్ మేయర్ అయ్యారు. 1912లో రెండు పెద్ద పార్టీలూ చేతులు కలిపి ఒకే అభ్యర్థిని నిలబెట్టి ఆయనను ఓడించాయి. పార్టీ చెదిరిపోలేదు. 1916లో డేనియల్ హోన్ గెలిచి, 1940 దాకా, ఏకంగా 24 ఏళ్లు ఆ నగరానికి మేయర్‌గా ఉన్నారు.